మొక్కల తొట్టిలో పాచి తినే ప్రాణులు



ఇంట్లో అద్దాల తొట్టి పెట్టుకుని, చేపలతో పాటు నిజమైన మొక్కలు కూడా పెంచేవాళ్ళు మన ఊళ్ళలో ఇప్పుడు బాగా కనిపిస్తున్నారు. అడుగున మట్టి పరిచి, వాలిస్‌నేరియా, రోటాలా, హైగ్రోఫిలా లాంటి మొక్కలు నాటి, పైన ఎల్ఈడీ దీపం బిగించి, నీళ్ళు నింపుతారు. మొదటి వారం కళ్ళకు పండగే. మూడో వారానికి అద్దాల మీద, ఆకుల మీద, రాళ్ళ మీద గోధుమ రంగు పొర పరుచుకుంటుంది. వేలితో రాస్తే పోతుంది. రెండు రోజుల్లో మళ్ళీ వస్తుంది. అప్పుడు దాదాపు అందరూ చేసే పని ఒకటే. చేపల దుకాణానికి వెళ్ళి, ‘పాచి తినే చేప ఏదైనా ఉందా?’ అని అడుగుతారు.

ఆ ప్రశ్నకు సరైన జవాబేమిటో ఈ పూట చెప్పాలనుకుంటున్నాను. అన్ని రకాల పాచినీ తినే చేప ఏదీ లేదు. ఒక్కో రకాన్ని ఒక్కో ప్రాణి తింటుంది, కొన్నింటిని ఏ ప్రాణీ ముట్టదు. కాబట్టి ముందు మన తొట్టిలో పెరిగిన పాచి ఏదో గుర్తుపట్టాలి. ఆ తర్వాత, కొనబోయే ప్రాణి పెద్దదైతే ఎంత పొడవు పెరుగుతుందో అడగాలి. తొట్టి శుభ్రపడి పాచి అయిపోయిన రోజున అది ఏం తిని బతుకుతుందో ఆలోచించుకోవాలి. ఇవి తేలాకే డబ్బు తీయాలి. ఇంటికి తెచ్చేది కొన్నేళ్ళు బతకాల్సిన ప్రాణిని కదా.

మూడో వారం కనిపించే గోధుమ పొర డయాటములది. ఒకే కణం ఉన్న ఈ జీవుల కణం చుట్టూ సిలికా గోడ ఉంటుంది. కొత్త తొట్టిలో మొక్కలు ఇంకా వేళ్ళు తన్నుకోవు. వడపోత స్పాంజిలో మేలు చేసే బ్యాక్టీరియా ఇంకా నిలదొక్కుకోదు, నీళ్ళలో అమ్మోనియా మిగిలిపోతుంది. ఆ సందులో డయాటములు పెరుగుతాయి. మొక్కలు ఎదుగుదల అందుకున్నాక ఎక్కువ తొట్లలో ఇవి వాటంతటవే తగ్గిపోతాయి. అంచేత ఆ దశలో ఏ చేపనూ కొనక్కర్లేదు. వారానికి రెండు మార్లు మూడో వంతు నీళ్ళు మార్చండి. దీపం రోజుకు ఆరు గంటలు చాలు. గుర్తుపెట్టుకుని ఆపడం కష్టమనుకుంటే టైమర్ పెట్టండి. కిటికీ ఎండ తొట్టి మీద పడుతుంటే తొట్టిని అక్కణ్ణుంచి జరపండి. చేపలకు వేసే మేత సగానికి తగ్గించండి. ఇవన్నీ చేయకుండా ఎన్ని ప్రాణుల్ని తెచ్చి వేసినా పాచి తగ్గదు, ఎందుకంటే అది పెరిగే వేగాన్ని వాటి నోళ్ళు అందుకోలేవు.

దుకాణంలో ‘ట్యాంక్ క్లీనర్’ అనో ‘సక్కర్’ అనో పేరు పెట్టి ఒక చేపను చేతిలో పెట్టేది కూడా సరిగ్గా ఈ దశలోనే. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఈ చేప కథ తొట్టితో ముగిసిపోదు.

దుకాణంలో ఉన్నప్పుడు అది వేలంత ఉంటుంది. అద్దానికి నోరు అతికించుకుని బుద్ధిగా పాచి గీకుతూ కనిపిస్తుంది. ముద్దొస్తుంది కూడా. దీని సొంత నేల దక్షిణ అమెరికా, అమెజాన్, ఒరినోకో నదుల పరీవాహక ప్రాంతాలు. శాస్త్రవేత్తలు టెరిగోప్లిక్తిస్ అనే ప్రజాతిలో చేర్చిన ఈ చేపకు ఒంటి నిండా ఎముక పలకలుంటాయి. మేత అందితే అడుగు పొడవు దాటి, అడుగున్నర దాకా ఎదుగుతుంది. మన ఇళ్ళలో మామూలుగా ఉండే రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో పట్టేవి సుమారు 55 లీటర్లు. అడుగు పొడవున్న చేపకు అందులో ఒళ్ళు తిప్పుకునే చోటు కూడా ఉండదు. పైగా చిన్నప్పుడు పాచి తిన్న చేపే పెద్దయ్యాక మిగతా చేపల మేతకు అలవాటు పడుతుంది. తిన్నదానికి తగ్గట్టే మలం వదులుతుంది, ఆ మలం కరిగి మళ్ళీ పాచికే ఎరువవుతుంది. రాత్రిపూట అమెజాన్ స్వోర్డ్ లాంటి వెడల్పాటి ఆకుల్ని గీకి గీకి చిల్లులు పెడుతుంది. కొత్తగా నాటిన మొక్కల్ని పెకలించి పైకి తేలుస్తుంది. మొక్కల తొట్టికి ఇంతకంటే పొసగని చేప మరొకటి నాకు కనిపించదు.

అది అలా పెరిగిపోయాక ఏం చేస్తారు? చంపడానికి చేతులు రావు. ఎక్కడో ఒకచోట బతకనీ అనుకుని దగ్గర్లోని చెరువులో వదిలేస్తారు. అలా వదిలినవీ, అమ్మకానికి పెంచే చోట్ల నుంచి తప్పించుకున్నవీ కలిసి ఇప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చెరువుల్లో, కాలువల్లో, చేపల సాగు గుంటల్లో వలలకు చిక్కుతున్నాయి. మత్స్యకారులు దీన్ని దెయ్యం చేప అంటున్నారు. దీని రెక్కల ముళ్ళు వలలో ఇరుక్కుని దారాలు తెంపేస్తాయి. విడదీయబోతే చేతులు గీసుకుపోతాయి. పట్టినా కొనేవాళ్ళు ఉండరు. గుడ్లు పెట్టడానికి గట్లలో బొరియలు తవ్వుతుంది, దాంతో గట్లు గుల్లబారతాయి. ఆక్సిజన్ తగ్గిపోయిన మురికి నీళ్ళలో మిగతా చేపలు చచ్చిపోతున్నా ఇది పైకొచ్చి గాలి మింగి, పొట్ట గోడల గుండా ఆక్సిజన్ తీసుకుని బతికేస్తుంది. ఒడ్డున పారేసినా గంటల తరబడి చావదు. మెక్సికోలోని ఇన్ఫియర్నియో జలాశయంలో తిలాపియా పట్టుకుని బతికే వేలమంది జీవనాన్ని ఈ జాతి చేపలు దెబ్బతీశాయి. మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు చెరువు నీళ్ళలో కలిసి ఉండే డీఎన్ఏ ఆనవాళ్ళను బట్టి ఈ చేప ఉనికిని పసిగట్టే పరీక్ష మీద పనిచేశారు. ఒక రకం చేప కోసం అంత పని పెట్టుకోవాల్సి వచ్చిందంటే అది ఎంత దూరం పాకిందో ఊహించుకోండి.

మీ ఇంట్లో ఇప్పటికే సక్కర్ ఉంటే చెరువులో, బావిలో, కాలువలో దేనిలోనూ వదలకండి. కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి, డబ్బులు రాకపోయినా సరే. లేదా నాలుగైదు అడుగుల పెద్ద తొట్టి ఉన్నవాళ్ళకు అప్పగించండి. ఆ కుటుంబంలోనే ఏదో ఒకటి ఉండాలని మనసు పడితే బ్రిస్టిల్‌నోజ్ అనే చిన్న రకం ఉంది. అది పది పన్నెండు సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. మగదానికి ముక్కు మీద మెత్తని పిలకలు మొలుస్తాయి. తొట్టిలో ఒక చెక్క మొద్దు ఉంటే దాన్నే గీకుతూ గడుపుతుంది. అయినా లేత ఆకుల జోలికి పోతుంది కనుక, అనూబియాస్, జావా ఫెర్న్ లాంటి మొండి ఆకుల మొక్కలున్న మూడడుగుల తొట్టికైతేనే దాన్ని తెచ్చుకోమంటాను.

నెల గడిచింది, గోధుమ పొర పలచబడింది అనుకుందాం. అప్పుడు అద్దం మీద చిన్న చిన్న పచ్చని చుక్కలు మొదలవుతాయి. గోరుతో గీకినా సులువుగా రావు. మెల్లగా పెరిగే ఆకుల మీద కూడా ఇవే చుక్కలు పడతాయి. దీపం ఎక్కువసేపు వెలిగినప్పుడు, మొక్కలకు వేసే ఎరువులో ఫాస్ఫేట్ తక్కువైనప్పుడు ఇవి ఎక్కువవుతాయని మొక్కలు పెంచేవాళ్ళ అనుభవం. ఇంత గట్టిగా అతుక్కున్న పాచిని గీకగలిగే నోరు నెరైట్ నత్తది. నత్త నాలుక మీద వరసలు వరసలుగా అతిచిన్న పళ్ళుంటాయి. నెరైట్ వాటితో అద్దాన్ని రుద్దుకుంటూ పోతే వెనక శుభ్రమైన దారి మిగులుతుంది. మొక్కల జోలికి వెళ్ళదు. పైగా గుల్ల మీద చారలు, చుక్కలతో చూడముచ్చటగా ఉంటుంది.

నత్త అనగానే చాలామందికి భయం, రెండు తెస్తే రెండు వందలవుతాయని. నెరైట్‌తో ఆ భయం లేదు. వీటి బంధువర్గం నదులు సముద్రంలో కలిసే చోట, ఉప్పునీళ్ళూ మంచినీళ్ళూ కలగలిసే చోట ఉంటుంది. పిల్లలు ఎదగాలంటే ఆ ఉప్పదనం కావాలి. మంచినీటి తొట్టిలో ఆడనత్త గుడ్లు పెడుతుంది గానీ అవి పిల్లలు కావు. నువ్వుగింజల్లాంటి ఆ తెల్లని గుడ్లు చెక్క మీద, రాళ్ళ మీద గట్టిగా అంటుకుని ఉండిపోతాయి. కొందరికి అది కంటికి ఇంపుగా ఉండదు. నా లెక్కలో అది చిన్న ఇబ్బంది. నత్త వెల్లకిలా పడితే తనంతట తాను లేవలేకపోవచ్చు, రోజూ ఒకసారి చూసి సరిచేయండి. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువగా ఉన్న ఊళ్ళలో నెరైట్ గుల్ల గట్టిగా ఉంటుంది. మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి, నీళ్ళను మరీ మెత్తగా, ఆమ్లంగా మార్చిన తొట్లలో గుల్ల మెల్లమెల్లగా కరిగి తెల్లబడుతుంది.

మొక్కలతో పాటు చెప్పకుండా వచ్చే చిన్న నత్తలు, పొట్టేలు కొమ్ములా చుట్టుకున్న రామ్స్‌హార్న్, ఇసుకలో దూరి ఉండే పొడుగాటి మలేషియన్ ట్రంపెట్, ఇవి కూడా మిగిలిన మేతా, కుళ్ళిన ఆకులూ, మెత్తని పాచీ తింటాయి. అవి ఒక్కసారిగా గుంపులు గుంపులుగా కనిపించాయంటే మేత ఎక్కువ వేస్తున్నామని అర్థం. వాటిని చంపడానికి మందు పోయకండి. అలాంటి మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది, రాగి రొయ్యలకు విషం. మేత తగ్గిస్తే నెల తిరిగేలోగా అవే తగ్గుతాయి. మన వరి పొలాల్లో, చెరువుల్లో దొరికే పెద్ద నత్తను మాత్రం మొక్కల తొట్టిలో వేయకండి. అది ఆకుల్నే తినేస్తుంది.

రాగి, రొయ్యల మాట వచ్చింది కనుక, ఈ రంగంలో అందరికంటే మంచి పేరు తెచ్చుకున్న ప్రాణి దగ్గరికి వద్దాం.

జపాన్‌లోని నిగాటాలో 1954లో పుట్టిన తకాషి అమానో మొదట సైకిల్ పందేల క్రీడాకారులు. తర్వాత ఫొటోగ్రాఫర్‌గా అమెజాన్, బోర్నియో, పశ్చిమ ఆఫ్రికా అడవుల్లో తిరిగి పెద్ద పెద్ద ఫిల్ముల మీద ఆ అడవుల్ని చిత్రీకరించారు. అడవిలో తాను చూసిన రాయీ, చెక్కా, మొక్కా ఉండే తీరును తొట్టిలోకి తీసుకురావాలని పూనుకుని 1982లో ఆక్వా డిజైన్ అమానో సంస్థను స్థాపించారు. ఈ రోజు మనం ‘నేచర్ అక్వేరియం’ అని పిలుచుకునే పద్ధతి ఆయనదే. నిండా మొక్కలు, బలమైన వెలుతురు ఉన్న ఆ తొట్లలో నూలుపోగుల్లాంటి పాచి చేరి ఆకుల అందాన్ని కప్పేసేది. ఆ పోగుల్ని తినే ప్రాణి కోసం రకరకాల రొయ్యల్ని పరీక్షించి, 1980ల మొదటి ఏళ్ళలో జపాన్ వాగుల్లో ఉండే ఒక చిన్న రొయ్యను ఎంచుకున్నారు. జపనీయులు దాన్ని యమతో నుమా ఎబి అంటారు. శాస్త్రీయ నామం కారిడినా మల్టిడెంటాటా. ఇప్పుడు ప్రపంచమంతా అమానో రొయ్య అంటోంది. 2015లో లిస్బన్ ఓషనేరియంలో 40 మీటర్ల పొడవు, 1,60,000 లీటర్ల నీళ్ళతో ఒక మొక్కల తొట్టిని రూపొందించి, అదే సంవత్సరం ఆగస్టులో ఆయన కన్నుమూశారు.

ఈ రొయ్య దాదాపు గాజులా ఉంటుంది, పక్కల వెంట ఎర్రగోధుమ చుక్కలు. ఆడది ఐదు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ముందు కాళ్ళకున్న చిన్న పట్టుకార్లతో పోగుల పాచిని పట్టి లాగి నోట్లో పెట్టుకుంటూ రోజంతా పనిలోనే ఉంటుంది. రాలిన ఆకులు, మిగిలిన మేత, చచ్చిన చేప, దేన్నీ వదలదు. మొక్కను మాత్రం తినదు. వంద లీటర్లకు పదీ పన్నెండు రొయ్యలు వేస్తే రెండు మూడు వారాల్లో తేడా కనిపిస్తుంది. గుంపుగా ఉంటేనే ధైర్యంగా బయటికి వచ్చి తింటాయి, ఒకటీ రెండూ వేస్తే రాళ్ళ చాటునే గడిపేస్తాయి.

ఇది కూడా మంచినీటి తొట్టిలో పిల్లల్ని పెంచలేదు. వాగులో గుడ్లు పొదిగాక పిల్లలు ప్రవాహంతో పాటు సముద్రం వైపు కొట్టుకుపోయి, ఉప్పు కలిసిన నీళ్ళలో ఎదిగి, తర్వాత మళ్ళీ ఏటికి ఎదురెక్కుతాయి. మన గోదావరి, కృష్ణల్లోని నీలకంఠ రొయ్య బతుకు కూడా ఇదే దారిలో సాగుతుంది. హేచరీల్లో దాని పిల్లలకు ఉప్పునీరు కలిపి ఇవ్వాల్సిందే. ఆ పోలిక చూసి నీలకంఠ రొయ్య పిల్లను తొట్టిలో వేసే ఆలోచన చేయకండి, అది పెరిగి గోళ్ళతో చేపల్నే పట్టి తింటుంది. పిల్లలు పుట్టి తొట్టి కళకళలాడాలని కోరుకునేవాళ్ళకు చెర్రీ రొయ్యలు ఉన్నాయి. అవి మంచినీళ్ళలోనే పిల్లల్ని పెడతాయి, రంగు బాగుంటుంది, మెత్తని పాచి తింటాయి. పోగుల పాచి మీద మాత్రం అమానో రొయ్య పనితనం వాటికి లేదు.

రొయ్యలు కొనేవాళ్ళు కొన్ని సంగతులు చెవిన వేసుకోండి. ఏంజెల్, ఆస్కార్, గోల్డ్‌ఫిష్ లాంటివి ఉన్న తొట్టిలో వేస్తే రొయ్య వాటికి మేతవుతుంది. చేపలకు తెల్లచుక్కల జబ్బు వచ్చినప్పుడు వేసే మందు సీసా మీద రాగి ఉందేమో చదవండి. కొత్తగా కొన్న మొక్కల మీద పురుగుమందు మిగిలి ఉండొచ్చు. రొయ్యలున్న తొట్టిలో పెట్టేముందు వాటిని నాలుగైదు రోజులు విడి బకెట్లో ఉంచి, రోజూ నీళ్ళు మారుస్తూ కడగండి. ఇంటికి తెచ్చిన రొయ్యల్ని సంచీలోంచి నేరుగా తొట్టిలో గుమ్మరించకండి. ఒక గిన్నెలో పెట్టి, సన్నని గాలి గొట్టానికి ముడి వేసి, తొట్టి నీళ్ళు బొట్టు బొట్టుగా గంటా రెండు గంటల పాటు గిన్నెలో పడనిచ్చి, అప్పుడు వదలండి. తొట్టికి మూత ఉండాలి. రాత్రిపూట గొట్టాలు పట్టుకుని పైకెక్కి బయటపడే అలవాటు వీటికి ఉంది.

ఇక ఓటో. ఓటోసింక్లస్ అనే పొడుగాటి పేరును అందరూ ఓటో అనే అంటారు. నాలుగు సెంటీమీటర్లకు మించదు. పక్కల వెంట నల్లచార, సక్కర్ లాంటి నోరు, ఎవరి జోలికీ పోని స్వభావం. ఆకు మీద ఎక్కి డయాటముల పొరను గీకి తింటుంది, ఆకుకు గీత కూడా పడదు. మొక్కల తొట్టి కోసమే పుట్టిందా అన్నట్టుంటుంది. అందుకే దీని విషయంలో నాకు బాధ కూడా ఎక్కువ. దుకాణాల్లోకి వచ్చే ఓటోల్లో చాలావరకు దక్షిణ అమెరికా నదుల్లో వలవేసి పట్టినవే. పట్టిన చోటి నుంచి మన దాకా వచ్చేలోగా రోజుల తరబడి వాటికి గీక్కుని తినడానికి ఏమీ ఉండదు. తొట్టిలో వేసిన మొదటి వారాల్లోనే అవి చనిపోవడానికి ప్రధాన కారణం ఆ ఆకలే. అందుకే కొనేటప్పుడు పొట్ట చూడండి. అద్దానికి అతుక్కున్నప్పుడు పొట్ట గుండ్రంగా ఉండాలి, లోపలికి పీక్కుపోయి ఉంటే కొనకండి. దుకాణానికి వచ్చి ఎన్నాళ్ళయిందో అడగండి. రెండు వారాలు దాటి, అక్కడ తింటూ బతికినవైతే ధైర్యంగా తెచ్చుకోవచ్చు. ఆరింటికి తక్కువ కొనకండి, అవి గుంపు చేపలు.

మూడు నెలలైనా నిండని తొట్టిలో ఓటోను వేయకూడదు. డయాటములు విరగబూసిన మూడో వారంలో వేస్తే అది నెలలోపే ఆ పొరంతా తినేస్తుంది, తర్వాత తినడానికి ఏమీ మిగలదు. పాత తొట్టిలోనైతే రాళ్ళ మీద, చెక్క మీద సూక్ష్మజీవుల పొర ఎప్పుడూ ఉంటుంది. దానికి తోడు వారంలో రెండు మూడు రోజులు పాలకూర ఆకునో, కీరదోస ముక్కనో మరిగే నీళ్ళలో ఒక నిమిషం ఉంచి, చల్లార్చి, చిన్న రాయి కట్టి అడుగుకు దింపండి. మొదట రెండు మూడు రోజులు ముట్టకపోవచ్చు. అలవాటు పడితే సాయంత్రానికే దాని చుట్టూ మూగుతాయి. మర్నాడు పొద్దున మిగిలిన ముక్కను తీసేయండి, లేకపోతే నీళ్ళు చెడిపోతాయి.

ఆరు నెలలు దాటిన తొట్లలో కొందరికి అసలు చిక్కు మొదలవుతుంది. ఆకు అంచుల మీద, వడపోత గొట్టం మూతి దగ్గర నల్లని కుచ్చులు మొలుస్తాయి. బ్లాక్ బ్రష్ ఆల్గీ అంటారు. చూడ్డానికి నలుపే అయినా వృక్షశాస్త్ర ప్రకారం ఇది ఎర్ర శైవలాల కుటుంబం. స్పిరిట్‌లో వేస్తే ఎర్రగా మారి ఆ సంగతి తానే చెబుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అందే తొట్లలో ఇది బాగా పెరుగుతుంది. నత్తలు దీన్ని ముట్టవు, ఓటోలు ముట్టవు. దీన్ని నిజంగా తినే చేప సయామీస్ ఆల్గీ ఈటర్. థాయ్‌లాండ్, మలేషియా నదుల చేప. కుచ్చుల్ని పట్టి పీకి తింటుంది.

చిక్కేమిటంటే దుకాణంలో ఆ పేరు చెప్పి అమ్మేవాటిలో నకళ్ళు కలుస్తాయి. కనుక చూసే పద్ధతి తెలియాలి. సిసలైనదానికి ముక్కు నుంచి మొదలైన నల్లచార తోక రెక్క చివరి దాకా వెళుతుంది. చార అంచు నున్నగా ఉండదు, రంపం పళ్ళలా ఎగుడుదిగుడుగా ఉంటుంది. రెక్కలకు రంగు ఉండదు. నల్లచార పైన బంగారు గీత స్పష్టంగా ఉండి, రెక్కలకు రంగు అంచులుంటే అది ఫ్లయింగ్ ఫాక్స్. పాచి తక్కువ తింటుంది, పెద్దయ్యాక తోటి చేపల్ని తరుముతుంది. చార తోక మొదట్లోనే ఆగిపోతే అది గర్రా జాతి చేప కావచ్చు. నోరు అద్దానికి అతికించుకుని, వీపు మీద మచ్చలో, ఒళ్ళంతా పసుపో ఉంటే అది చైనీస్ ఆల్గీ ఈటర్. దీని సొంతూరు చైనా అనుకోకండి, థాయ్‌లాండ్, మెకాంగ్ నదుల ప్రాంతం. మొప్పల మూత పైభాగంలో నీళ్ళు లోపలికి పీల్చుకునేందుకు దీనికి విడిగా ఒక రంధ్రం ఉంటుంది. అందుకే వరద ప్రవాహంలో కూడా నోరు రాతిని వదలకుండానే శ్వాస తీసుకోగలుగుతుంది. శరీర నిర్మాణంగా అది అద్భుతం. తొట్టిలో మాత్రం తేవద్దంటాను. పాతిక సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది, పెద్దయ్యాక ఏంజెల్, డిస్కస్ లాంటి పలచని చేపల ఒంటికి అతుక్కుని పైనున్న జిగురు పొరను చీకుతుంది.

సిసలైన సయామీస్ చేప కూడా పదమూడు పద్నాలుగు సెంటీమీటర్లు పెరుగుతుంది, చురుకైన ఈతగత్తె. మూడడుగుల కన్నా చిన్న తొట్టికి అది తగదు. వయసు వచ్చాక రుచికరమైన గుళికల మేత దొరికితే పాచి వైపు చూడదు కూడా. దానితో పని కావాలంటే మిగతా చేపలకు కొలిచినట్టు మేత వేయాలి, వారంలో ఒకరోజు పూర్తిగా మానేయాలి. రెండడుగుల తొట్టి ఉన్నవాళ్ళు ఈ చేప కోసం చూడకుండా, నల్లకుచ్చు పట్టిన ఆకుల్ని కత్తిరించి పారేసి, కార్బన్ డయాక్సైడ్ రోజూ ఒకే వేళకు, ఒకే మోతాదులో అందేలా చూసుకోవడం మేలు.

సయామీస్ చేపకు దూరపు చుట్టం మన దగ్గరా ఉంది. కృష్ణా, గోదావరి పరీవాహకంలోని రాతివాగుల్లో గర్రా ముల్యా అనే చిన్న చేప ఉంటుంది. గడ్డం కింద ఉండే పళ్ళెంలాంటి భాగంతో రాతికి అతుక్కుని, ఉరకలేసే నీళ్ళలో పాకుడు గీక్కుని తింటుంది. వాగు నుంచి పట్టి తెచ్చి తొట్టిలో వేసేవాళ్ళున్నారు. ఆ పని వద్దని కోరుకుంటాను. ఆ చేపకు నిరంతరం పారే చల్లని నీళ్ళు, నిండుగా ఆక్సిజన్ అలవాటు, ఇంటి తొట్టి దానికి ఊపిరాడని చోటు.

మన దగ్గర చవకగా, ఏ ఊరి దుకాణంలోనైనా దొరికే పాచితిండి చేపను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అది నల్ల మోలీ. చెన్నై కొళత్తూరులో చేపలు పెంచే కుటుంబాలు ఇలాంటి చేపల్ని పెద్ద ఎత్తున పెంచి రాష్ట్రాలకు పంపుతాయి. మోలీలు నీటి మీద తేలే జిడ్డు పొరను, లేత పోగుల పాచిని రోజంతా కొరుక్కుతింటాయి. సున్నం ఎక్కువున్న బోరు నీళ్ళు వాటికి ఇష్టం. వేడిని తట్టుకుంటాయి. పిల్లల్ని విపరీతంగా పెడతాయి కాబట్టి ఆడవాటినే మూడు తెచ్చుకోండి, అవి కూడా కొన్న నాటికే గర్భంతో ఉండే అవకాశం ఉంది. హైదరాబాద్ బోరు నీళ్ళతో, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ లేకుండా, తేలిగ్గా పెరిగే మొక్కలతో తొట్టి నడిపేవాళ్ళకు నేను మొదట చెప్పేది మోలీలూ, నెరైట్ నత్తలే.

ఏ ప్రాణీ తినని రకాలు ఉన్నాయన్నాను కదా. నీళ్ళన్నీ పెసరకట్టు రంగుకు మారితే అది నీటిలో తేలే ఒంటికణపు పాచి. గీకే నోళ్ళకు అది అందదు. మూడు నాలుగు రోజులు తొట్టిని దుప్పటితో కప్పి పూర్తిగా చీకటిలో ఉంచి, తర్వాత సగం నీళ్ళు మార్చాలి. నీలిపచ్చని జిగట చాపలా నేల మీద పరుచుకుని, ఎత్తితే ముద్దగా వచ్చి, ముక్కు మూసుకునేంత వాసన వేసేది నిజానికి బ్యాక్టీరియా, సయనోబ్యాక్టీరియా అంటారు. దాన్ని గొట్టంతో పీల్చి తీసేసి, నీటి ప్రవాహం ఆ మూలకు కూడా అందేలా చూడాలి. దీనికీ చేపను అడగబోతే దుకాణంలో ఏదో ఒకటి అంటగడతారు.

ఈ ఏర్పాట్లన్నిటికీ మన ప్రాంతంలో అసలు పరీక్ష ఎండాకాలంలో వస్తుంది. విజయవాడలోనో, రామగుండంలోనో ఏప్రిల్ చివరికి గదిలోని తొట్టి నీళ్ళు 32 డిగ్రీలు దాటడం మామూలే. అమానో రొయ్య చల్లని వాగుల ప్రాణి, 27 డిగ్రీలు దాటితే దానికి కష్టం మొదలవుతుంది. నీళ్ళు వేడెక్కిన కొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే కరుగుతుంది. అదే సమయంలో వేడికి ప్రాణుల శ్వాస వేగం పెరుగుతుంది. రొయ్యలు నీటి పైఅంచుకు చేరుతున్నాయంటే, ఓటోలు మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగుతున్నాయంటే ఆలస్యం చేయకూడదు.

ముందుగా మూత తీసి పైన సన్నని జాలీ పరిచి, నీటి మీదుగా చిన్న ఫ్యాను తిప్పండి. నీళ్ళు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీల వేడిని తీసుకుపోతాయి. రాత్రిళ్ళు మొక్కలు కూడా ఆక్సిజన్‌నే తీసుకుంటాయి కాబట్టి గాలి పంపు తెల్లవార్లూ ఆడనివ్వండి. దీపాన్ని ఐదు గంటలకు తగ్గించి, పొద్దెక్కాక వెలిగించకుండా సాయంత్రం చల్లబడ్డాక వెలిగించండి. ఫ్యాను వల్ల తగ్గిన నీళ్ళను బోరు నీళ్ళతో నింపితే సున్నం పేరుకుంటుంది, ఆర్వో యంత్రం నీళ్ళు కొంచెం కొంచెంగా పోయండి. ఐసు ముక్కలు వేసి ఒక్కసారిగా చల్లబరచకండి, ఆ హెచ్చుతగ్గులకే రొయ్యలు చచ్చిపోతాయి. మే నెలలో కొత్త ప్రాణుల్ని దుకాణం నుంచి సంచీలో తేవడం అసలే వద్దు, ఆ గంట ప్రయాణంలోనే వేడికి సగం నీరసపడిపోతాయి. నెరైట్లూ, మోలీలూ ఉంటే వేసవి వాటితో గడపండి. అమానో రొయ్యలు, ఓటోలు కావాలనుకున్నవాళ్ళు రెండు మంచి వానలు పడి, తొట్టి నీళ్ళు 27 డిగ్రీల దగ్గర నిలకడగా ఉన్న రోజు చూసుకుని, సాయంత్రం పూట వెళ్ళి తెచ్చుకోండి.